మొహమాటం లేని కోడ్ రివ్యూ: ఏం రాయాలి, ఎట్లా రాయాలి

నెల్లూరులో, ఒంగోలులో, కావలిలో ఇప్పుడు కోడ్ రాసేవాళ్లు తక్కువేమీ కాదు. ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు చేసేవాళ్లు, బెంగళూరు, హైదరాబాదు కంపెనీలకు ఇంటి దగ్గర్నుంచే పనిచేసేవాళ్లు, రొయ్యల చెరువులకో గ్రానైట్ యూనిట్లకో చిన్న చిన్న లెక్కల సాఫ్ట్‌వేర్ చేసిచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకరి కోడ్ ఇంకొకరు చూసి చెప్పడం వీళ్లందరికీ మామూలు పని. చెప్పే తీరు మాత్రం రెండు కొసల మధ్య ఊగుతుంటుంది. ఒక కొసన "సూపర్ తమ్ముడూ, కుమ్మేశావ్." ఇంకో కొసన "ఏంది అబ్బయ్యా ఇది, బీటెక్ ఎట్టా పాసయ్యావ్?"

మొదటిది మర్యాద, రెండోది కటువు అని అందరూ విడగొడతారు. కోడ్ రాసినవాడి వైపు కూర్చుని చూస్తే రెంటికీ తేడా లేదు. ఏ వరుస మార్చాలో మొదటిదీ చెప్పలేదు, రెండోదీ చెప్పలేదు. రివ్యూల మీద వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం ఇదే. చెప్పాల్సిన సమాచారం లేనప్పుడు ఆ ఖాళీని జనం పొగడ్తతోనో వెటకారంతోనో నింపుతారు. సమాచారం నిండుగా ఉన్న కామెంట్‌లో "దయచేసి" అన్న మాట లేకపోయినా ఎవరూ నొచ్చుకోరు.

ఒక లెక్క తీసుకుంటే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుకు రోజుకు ఎంత మేత వేయాలో చెప్పే ప్రోగ్రాం అనుకుందాం. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 1000ని కౌంటుతో భాగిస్తే ఒక్కో రొయ్య సగటు బరువు గ్రాముల్లో వస్తుంది. దాన్ని చెరువులో బతికున్న రొయ్యల సంఖ్యతో గుణిస్తే మొత్తం బరువు, అందులో ఇంత శాతం అని మేత. కుర్రాడు జావాలో రాశాడు. కౌంటును పూర్ణాంకంగా తీసుకుని 1000/కౌంటు అని పెట్టాడు. జావాలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశం తర్వాత ఉన్నదంతా తెగిపోతుంది, రౌండ్ కూడా కాదు. 60 కౌంటు ఇస్తే 16.67 రావాల్సిన చోట 16 వస్తుంది. లక్ష పిల్ల వదిలితే 80 శాతం బతికిందనుకుందాం, అంటే 80,000 రొయ్యలు. మొత్తం బరువు 1,333 కిలోలు చూపించాలి, 1,280 చూపిస్తుంది. రోజుకు 3 శాతం మేత వేస్తే 40 కిలోలకు బదులు 38.4 కిలోలు.

రాసినవాడికి ఇది ఎందుకు కనపడలేదంటే, వాడు 100 కౌంటుతో, 50 కౌంటుతో టెస్ట్ చేసి ఉంటాడు. 100కు 10 గ్రాములు, 50కి 20, 40కి 25. అన్నీ నిశ్శేషంగా భాగమయ్యే అంకెలే. తప్పు 60 దగ్గర, 70 దగ్గర దాక్కుని ఉంది.

దీని మీద రాగల కామెంట్లు చూడండి.

"లెక్క తప్పు. ముందు బేసిక్స్ చదువుకో." ఇది నిజమే, మొహమాటం కూడా లేదు. అయినా ఎందుకూ పనికిరాదు. రాసినవాడు 100 కౌంటు ఇచ్చి మళ్లీ రన్ చేసుకుంటాడు, సరిగ్గానే వస్తుంది. ఈయనకు నా మీద ఏదో ఉంది అనుకుంటాడు.

"చాలా బాగుందండీ. వీలైతే భాగహారం ఒకసారి చూసుకోండి." ఇది ఇంకా ప్రమాదం. ఆ "వీలైతే" చదివినవాడు ఇది చేయకపోయినా పర్లేదనే అర్థం చేసుకుంటాడు. తప్పు తెలిసి కూడా చెప్పని రివ్యూ ఇది. రేపు చెరువు దగ్గర మేత లెక్క తేడా వస్తే "నేను అప్పుడే చెప్పాను కదా" అనడానికి మాత్రం పనికొస్తుంది.

"42వ వరుస. 60 కౌంటు ఇచ్చి రన్ చేశాను. 16.67 రావాలి, 16 వచ్చింది. రెండూ పూర్ణాంకాలు కావడంతో దశాంశ భాగం పోతోంది. 80,000 రొయ్యల చెరువుకు రోజుకు 1.6 కిలోల మేత తక్కువ చూపిస్తుంది. 1000కి బదులు 1000.0 రాస్తే సరిపోతుంది. 60, 70 కౌంట్లకు టెస్టులు కూడా పెట్టాలి. ఇవి అయ్యేదాకా మెర్జ్ చేయొద్దు."

ఈ మూడో కామెంట్‌లో మెత్తని మాట ఒక్కటి కూడా లేదు. చివరి వాక్యం ఆజ్ఞే (మెర్జ్ అంటే కోడ్‌ను అసలు ప్రాజెక్టులో కలపడం). అయినా దీన్ని చదివి కోపం తెచ్చుకునేవాడు అరుదు. ఎక్కడ తప్పుందో, ఏ ఇన్‌పుట్‌కు బయటపడుతుందో, ఏం రావాలో, ఏం వచ్చిందో, ఎందుకో, దానివల్ల నష్టమేంటో, ఏం చేయాలో, ఎంత అవసరమో అన్నీ ఉన్నాయి. వీటిలో కొన్ని వదిలేయొచ్చు. కారణం మీకు తెలియకపోతే వదిలేయండి. నేర్చుకునే కుర్రాడైతే పరిష్కారం కావాలనే వదిలేసి, "రెండు పూర్ణాంకాలను భాగిస్తే జావా ఏం చేస్తుందో చూడు" అని ఆపొచ్చు. వదలకూడనిది మాత్రం ఇన్‌పుట్, దానికి వచ్చిన ఫలితం. ఆ రెండూ ఉంటే వాదన మనుషుల మధ్య కాకుండా స్క్రీన్ మీదే తేలిపోతుంది.

ఇక్కడే రివ్యూ చేసేవాళ్లు కూడా జారిపడే చోటుంది. 1000.0 రాయమని సలహా ఇచ్చారు కదా, కౌంటు పెట్టెను ఖాళీగా వదిలేస్తే సున్నా పోతుందనుకోండి. పాత కోడ్ సున్నాతో భాగించలేక ఎర్రర్ కొట్టి ఆగిపోయేది. కొత్త కోడ్ ఆగదు. దశాంశ సంఖ్యను సున్నాతో భాగిస్తే జావా ఇన్ఫినిటీ అని ఇచ్చి ముందుకు పోతుంది, మేత కూడా ఇన్ఫినిటీ కిలోలని చూపిస్తుంది. ఒక తప్పు సర్దబోయి, గట్టిగా అరిచే తప్పును నోరు మెదపని తప్పుగా మార్చినట్టయింది. కాబట్టి మీరిచ్చే సలహాను కూడా మీ మెషీన్‌లో ఒకసారి రన్ చేయాలి. రన్ చేయకపోతే ఆ సంగతి రాయాలి: "రన్ చేయలేదు, చదివి చెబుతున్నాను." ఈ ఒక్క ముక్క చేర్చడం వల్ల మీ పరువేమీ తగ్గదు, ఎదుటివాడికి మీ మాటను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

బరువు తెలియని ముప్పై కామెంట్లు

తప్పులు సరిగ్గా పట్టేవాళ్లు కూడా ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే. ఒకే పుల్ రిక్వెస్ట్‌కు, అంటే మెర్జ్ చేయమని పంపిన ఒక మార్పుకు, ముప్పై కామెంట్లు పెడతారు. అందులో ఒకటి పాస్‌వర్డ్‌లను ఉన్నవున్నట్టు డేటాబేస్‌లో దాస్తున్నారని. మిగతా ఇరవైతొమ్మిదీ వేరియబుల్ పేరు బాగాలేదని, ఇక్కడ ఒక ఖాళీ వరుస ఎక్కువైందని. అన్నీ ఒకే గొంతుతో రాసి ఉంటాయి. చదివేవాడు తేలికైనవి ముందు సర్దుతాడు, అది మానవ స్వభావం. సాయంత్రానికి ఇరవైతొమ్మిది అయిపోతాయి, పాస్‌వర్డ్ మిగిలిపోతుంది.

అందుకని ప్రతి కామెంట్ మొదట్లోనే దాని బరువు చెప్పే మాట ఒకటి పెట్టండి. గూగుల్ బయటపెట్టిన రివ్యూ మార్గదర్శకాల్లో చిన్నాచితకా వాటి ముందు "నిట్" అని రాయమంటారు. చేస్తే మంచిది, చేయకపోయినా ఆపేది లేదని దానర్థం. మన జట్లలో తెలుగులోనే పెట్టుకోవచ్చు. "ఆపాలి" అంటే ఇది మారేదాకా మెర్జ్ లేదు. "మార్చితే మంచిది" అంటే మార్చు, లేదా ఎందుకు మార్చవో ఒక వాక్యం రాయి. "నా అభిరుచి" అంటే నీ ఇష్టం. "ప్రశ్న" అంటే నిజంగా తెలియక అడుగుతున్నాను. ఒక రివ్యూలో "ఆపాలి" పదిసార్లు కనపడితే ఆ పదికీ విలువ పోతుంది. పది చోట్లా నిజంగా ఆపాల్సినంత ఉంటే అప్పుడు వరుసవారీ కామెంట్లు వద్దు, ఆ సంగతి చివర్లో చూద్దాం.

పాస్‌వర్డ్ లాంటి వాటికి "ఆపాలి" అని రాయడంలో సందేహం అక్కర్లేదు. "పాస్‌వర్డ్‌ను నేరుగా దాస్తున్నారు. బీక్రిప్ట్ గానీ ఆర్గాన్2 గానీ వాడండి. ఎండీ5 సరిపోదు." (ఇవి పాస్‌వర్డ్‌ను తిరిగి చదవలేని రూపంలోకి మార్చే పద్ధతులు.) అంతే, ముందూ వెనకా పూలదండలు అక్కర్లేదు. ఊరి పేరుతో వెతికే పెట్టెలో యూజర్ కొట్టిందాన్ని నేరుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) వాక్యంలో అతికిస్తే అదీ అంతే. పారామీటర్లుగా పంపమని చెప్పి, ఒక కొటేషన్ గుర్తు కొట్టి చూడమంటే చాలు, ఏమవుతుందో వాళ్లకే కనపడుతుంది.

ఖాళీలు, కామాలు, బ్రాకెట్లు ఎక్కడుండాలన్న తగువును మనుషులు ఆడటమే దండగ. గో భాషకు గోఫ్‌ఎమ్‌టీ ఉంది, పైథాన్‌కు బ్లాక్ ఉంది, జావాస్క్రిప్ట్‌కు ప్రిటియర్ ఉంది. ఒకసారి పెట్టేస్తే మెషీనే సర్దుతుంది. మెషీన్ సణిగితే ఎవరికీ అవమానం అనిపించదు, అదో అదృష్టం.

అభిరుచికీ తప్పుకూ మధ్య మూడో రకం ఒకటుంది. అది కోడ్ తప్పు కాదు, వ్యాపారం నియమం. చీమకుర్తి గ్రానైట్ పలకల బిల్లు చూడండి. అంగుళాల్లో పొడవు, వెడల్పు గుణించి 144తో భాగిస్తే చదరపు అడుగులు. 100.5 అంగుళాల పొడవు, 66 అంగుళాల వెడల్పున్న పలక 46.0625 చదరపు అడుగులు. ప్రతి పలకనూ రెండు దశాంశాలకు రౌండ్ చేసి కూడితే 200 పలకలకు 9,212 వస్తుంది. ముందు కూడి చివర్లో రౌండ్ చేస్తే 9,212.5. అర చదరపు అడుగు తేడా. ఏది సరైందో కోడ్ చదివి చెప్పలేం, యార్డులో బిల్లు ఎట్లా రాస్తారో అడగాలి. తెలివైన రివ్యూయర్లు ఇక్కడే బోల్తా కొడతారు, "రౌండింగ్ తప్పు" అని గట్టిగా రాసేస్తారు. రాయాల్సింది ఇది: "ప్రశ్న: రౌండింగ్ పలకకా, మొత్తానికా? 200 పలకలకు అర అడుగు తేడా వస్తోంది. యార్డు వాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది కామెంట్‌గా కోడ్‌లో పెట్టండి."

పాత అనుభవం ఏం చెబుతోంది

కోడ్‌ను ఇంకొకరు చూడటం కొత్త సంగతి కాదు. 1976లో ఐబీఎంలో పనిచేసే మైకేల్ ఫేగన్ దీనికొక పద్ధతి రాసి ప్రచురించాడు. అందులో రెండు షరతులు ఇప్పటికీ పనికొస్తాయి. కూర్చున్నది తప్పులు పట్టడానికి, పరిష్కారాల చర్చ ఆ సమావేశంలో పెట్టరు. రెండోది ఇంకా ముఖ్యం: దొరికిన తప్పుల లెక్కను రాసినవాడి పనితీరు కొలవడానికి వాడకూడదు. మన కాలేజీల్లో ప్రాజెక్టు రివ్యూలు చప్పగా ఉండటానికి కారణం వెతికితే ఈ రెండో షరతు దగ్గరే దొరుకుతుంది. తప్పులు అడిగేది, మార్కులు వేసేది ఒకరే అయినప్పుడు ఏ విద్యార్థి అయినా తప్పును దాచుకుంటాడు. స్నేహితుడి కోడ్‌లో తప్పు కనపడినా నలుగురిలో నోరెత్తడు. మార్కుల రివ్యూకు వారం ముందు మార్కుల్లేని రివ్యూ ఒకటి పెట్టి, అందులో తేలిందేదీ లెక్కలోకి రాదని సారు ముందే చెబితే మాటలు బయటికొస్తాయి.

ఎంత కోడ్ ఒకేసారి చూడాలన్నదానికీ లెక్కుంది. స్మార్ట్‌బేర్ సంస్థ సిస్కోలో రివ్యూలను పరిశీలించి చెప్పినదాని ప్రకారం ఒక విడతలో 200 నుంచి 400 వరుసలు, గంటకు 500 వరుసలు దాటకుండా. అంతకు మించితే తప్పులు దొరికే రేటు పడిపోతుంది. 3,000 వరుసలు ఒకేసారి పంపిస్తే వచ్చేది "బాగుంది" అన్న మాటే. చూసినవాడిని తప్పుపట్టలేం. అట్లాంటప్పుడు నిర్మొహమాటంగా రాయాల్సిన మొదటి కామెంట్: "దీన్ని మూడు ముక్కలు చేసి పంపండి. ముందు డేటాబేస్ మార్పు, తర్వాత లెక్క, తర్వాత స్క్రీన్లు."

మొహమాటం లేని రివ్యూ అనగానే అందరూ చెప్పే పేరు లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్. కెర్నెల్‌లో, అంటే లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగంలో, చేసిన మార్పు వల్ల యూజర్ల ప్రోగ్రాములు ఆగిపోతే అది కెర్నెల్ తప్పే తప్ప ప్రోగ్రాముల తప్పు కాదన్న నియమం మీద ఆయన 2012లో ఒక మెయింటెయినర్‌ను (కెర్నెల్‌లో ఒక భాగం బాధ్యత చూసేవాణ్ని) ఈమెయిల్‌లో అందరి ముందూ కడిగేశాడు. ఆ మెయిల్‌లో రెండున్నాయి. ఒకటి తిట్టు, రెండోది పదేళ్లు దాటినా జనం చెప్పుకునే స్పష్టమైన సాంకేతిక నియమం. ఆయన్ను చూసి నేర్చుకున్నామనేవాళ్లలో చాలామందికి మొదటిదే అబ్బింది. 2018 సెప్టెంబరులో ఆయనే తన తీరుకు క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నాడు. అదే సమయంలో కెర్నెల్ ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళి పెట్టుకుంది. అక్టోబరులో తిరిగొచ్చాడు. ఆ పాత నియమం మాత్రం అంగుళం కదల్లేదు, ఇప్పటికీ అట్లాంటి మార్పును వెనక్కి కొడతారు. తిట్టు తీసేస్తే కచ్చితత్వం తగ్గిపోతుందని వాదించేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

నువ్వా, మీరా, అన్నా

ఇక తెలుగులో రాసేటప్పుడు వచ్చే చిక్కులు. ఇంగ్లీషులో రాసే రివ్యూల సలహాలు వీటిని పట్టించుకోవు.

టీ కొట్టు దగ్గర "ఏందబ్బా ఇది" అన్నది సరదా. ముఖం కనపడుతుంది, గొంతు వినపడుతుంది. అదే మాట కామెంట్‌గా పడితే, అది కూడా జట్టులో పదిమంది చూసేచోట పడితే ఈసడింపే. ఎదురుగా పలికితే నవ్వు తెప్పించే మాటలన్నీ రాతలో అనుమానించాల్సినవే. రా, ఒరే, అబ్బయ్యా లాంటివి ఇద్దరి మధ్యా నడుస్తున్నా రివ్యూలోకి తేకపోవడం మేలు. మూడో మనిషి ఏడాది తర్వాత ఆ కామెంట్ చదువుతాడు, వాడికి మీ స్నేహం తెలియదు.

తెలుగుకు ఒక వెసులుబాటుంది. కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది. "నువ్వు ఇక్కడ నల్ చూడలేదు" అనక్కర్లేదు, "ఇక్కడ నల్ వస్తే ఆగిపోతోంది" అంటే చాలు (నల్ అంటే విలువే లేకపోవడం). నువ్వా మీరా అన్న తగులాటమూ ఉండదు, వేలెత్తి చూపినట్టూ ఉండదు, విషయం ఇసుమంత కూడా తగ్గదు. తప్పు గురించి చెప్పే వాక్యంలో కోడ్‌నే కర్తను చేయండి. చేయాల్సిన పని గురించి చెప్పేటప్పుడు మాత్రం ఎవరు చేయాలో స్పష్టంగా ఉండాలి. "టెస్టులు చేర్చాల్సి ఉంది" అని గాల్లో వదిలేస్తే ఎవరూ చేర్చరు. "టెస్టులు మీరు చేర్చండి, డేటాబేస్ మార్పు నేను చూస్తాను" అని రాయాలి.

ప్రశ్నతో గుచ్చడం ఇంకో అలవాటు. "ఎందుకిట్లా రాశావ్?" అన్నది చదివేవాడికి ప్రశ్నలా ఉండదు, నిలదీసినట్టుంటుంది. నిజంగా కారణం కావాలంటే కారణం ఉండొచ్చని మీరు నమ్ముతున్నట్టు కనపడాలి: "ఇక్కడ మ్యాప్ కాకుండా లిస్టు వాడటానికి కారణముందా? 10,000 రైతుల పేర్లుంటే ప్రతిసారీ మొదటి నుంచి వెతకాల్సొస్తుంది." కారణం లేదని మీకు ముందే తెలిస్తే ప్రశ్న వేషం వద్దు, నేరుగా "మ్యాప్‌కు మార్చండి" అనండి.

పెద్దవాళ్ల కోడ్‌ను చిన్నవాళ్లు చూడాల్సి వచ్చినప్పుడు మొహమాటం మరీ ఎక్కువ. "సార్, తప్పుగా అనుకోకపోతే..." అని మొదలుపెట్టి మూడు వాక్యాల తర్వాత కూడా విషయం దగ్గరికి రారు. గౌరవం పిలుపులో చూపించండి, క్రియలో చూపించండి, విషయంలో కాదు. "సార్, 118వ వరుసలో ఫైల్ తెరిచి మూయడం లేదు. వెయ్యి రికార్డులకు రన్ చేస్తే 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అని ఆగింది. లాగ్ కింద పెట్టాను, చూడండి." సార్ ఉంది, చూడండి ఉంది, తప్పు తప్పుగానే ఉంది. సీనియర్ల వైపు నుంచి చేయాల్సింది ఒకటే: ఇట్లాంటి కామెంట్‌కు అందరికీ కనపడేచోట "సరే, మార్చాను" అని రాయడం. జట్టులో మిగతా చిన్నవాళ్లు ఆ జవాబు కోసమే చూస్తుంటారు.

పొగడ్త, విమర్శ, మళ్లీ పొగడ్త అని పొరలు పేర్చే పద్ధతి ఒకటి చాలా చోట్ల నేర్పుతారు. రివ్యూకు అది పనికిరాదు. రెండుసార్లు చూసేసరికి "బాగుంది" అన్న మాట వినగానే తర్వాత ఏం రాబోతుందోనని గుండె దడ మొదలవుతుంది, అంటే పొగడ్త కూడా పాడైపోయింది. మెచ్చుకోవాల్సింది ఉంటే దాన్నీ తప్పు చెప్పినంత కచ్చితంగా, దాని వరుస మీదే చెప్పండి: "టెస్టుల్లో ఫిబ్రవరి 29 పెట్టారు, ఎవరూ పెట్టరు, ఇది ఉంచండి." లేకపోతే ఊరుకోండి.

ఏఐతో రాయించిన కోడ్ ఇప్పుడు ప్రతి చోటా వస్తోంది. "ఇది నువ్వు రాసింది కాదులే" అని పొడవడం వల్ల వచ్చేదేమీ లేదు, వాడు కాదంటాడు, అక్కడితో అయిపోతుంది. ఎవరు రాసినా పంపినవాడిదే పూచీ. "ఈ ట్రై, క్యాచ్ ఎందుకుంది? తీసేసి రన్ చేస్తే ఏం పోతుంది?" అని అడిగితే తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు తెలుసుకుంటాడు.

గట్టిగా చెప్పి పప్పులో కాలేయడం

నిర్మొహమాటంగా మాట్లాడేవాళ్లకు తప్పిపోయినప్పుడు దెబ్బ కూడా పెద్దదే. తెలుగు టెక్స్ట్‌తో పనిచేసే కోడ్ దీనికి మంచి గని. పైథాన్‌లో "నెల్లూరు" పొడవు అడిగితే 8 వస్తుంది. కంటికి కనపడేవి మూడే అక్షరాలు కదా, లెక్క తప్పని ఒక రివ్యూయర్ బల్లగుద్ది రాస్తాడు. లెక్క తప్పు కాదు. యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణంలో, హల్లుకు ఒకటి, గుణింతానికి ఒకటి, ఒత్తు కోసం వాడే పొల్లుకు ఒకటి విడివిడిగా కోడ్ పాయింట్లు (ఆ నంబర్లు) ఉంటాయి. న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం కలిసి ఎనిమిది. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 24. ఈ సంగతి తెలిసిన రివ్యూయర్ అసలు తప్పును పట్టుకుంటాడు: ఊరి పేరుకు 10 క్యారెక్టర్లు చాలని పెట్టారు, "ఒంగోలు" 6తో సరిపోతుంది, "సింగరాయకొండ" 11 అడుగుతుంది, పదికి కోస్తే "సింగరాయకొం" అని మిగులుతుంది. ఆ పేరు కొట్టి, వచ్చింది కాపీ చేసి కామెంట్‌లో పెడితే ఇంకో మాట అక్కర్లేదు.

మీది తప్పని తేలినప్పుడు కామెంట్ చెరిపేయకండి. చెరిపేస్తే కింద వచ్చిన జవాబులు గాల్లో వేలాడతాయి. దాని కిందే "ఇది తప్పు, పొడవు 8 సరైందే, వదిలేయండి" అని రాసి థ్రెడ్ మూసేయండి.

ఎక్కడ చెప్పాలన్నది కొన్నిసార్లు ఏం చెప్పాలన్నంత ముఖ్యం. పబ్లిక్ రిపోజిటరీలో, అంటే అందరికీ కనపడేలా కోడ్ దాచే చోట, ఎవరైనా పేమెంట్ కీనో, డేటాబేస్ పాస్‌వర్డ్‌నో పెట్టేస్తే అక్కడ కామెంట్ పెట్టడమంటే దొంగకు దారి చూపడమే. నేరుగా ఫోన్ చేయండి. "కీ ఇప్పుడే రద్దు చెయ్, కొత్తది తీసుకో. కోడ్ సంగతి తర్వాత." ఇంతకంటే మెత్తగా చెప్పే టైం లేదు. చాలామంది కీని తీసేసి కొత్త కమిట్ (భద్రపరిచిన మార్పు) పెట్టి హమ్మయ్య అనుకుంటారు. పాత కమిట్‌లో అది అట్లాగే ఉంటుంది, మార్పులన్నీ దాచిపెట్టే గిట్ చరిత్ర చూడగలిగినవాళ్లెవరైనా తీసుకోవచ్చు. రద్దు చేయడమే మందు, చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాతి పని. అట్లాగే ఒకరి తప్పును స్క్రీన్‌షాట్ తీసి వేరే వాట్సాప్ గ్రూపులో నవ్వుకోవడానికి వేయడం ఏ రకమైన విమర్శా కాదు. అది ఆ మనిషికి చేరిన రోజు నుంచి మీకు కోడ్ చూపించడు.

విమర్శ అడిగేవాళ్లకూ కొంత బాధ్యత ఉంది, క్లుప్తంగా చెప్పొచ్చు. మానిటర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి "పని చేయట్లేదు అన్నా" అని పంపితే మంచి జవాబు రాదు. ఎర్రర్‌ను టెక్స్ట్‌గా కాపీ చేయండి. ఏం ఇచ్చారు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఏ వెర్షన్ అన్నది రాయండి. తప్పు కనపడటానికి చాలినంత చిన్న కోడ్‌గా కుదించండి. కుదించే దార్లోనే సగం తప్పులు దొరికిపోతాయి. కామెంట్ వచ్చాక "మార్చాను" అంటే ఏ కమిట్‌లోనో చెప్పండి, ఒప్పుకోకపోతే కారణం చెప్పండి. ఇద్దరి మధ్యా అటొకసారి ఇటొకసారి రాసుకున్నా తెగకపోతే ఫోన్‌లో మాట్లాడుకుని, తేలిందాన్ని తిరిగి థ్రెడ్‌లో రెండు వాక్యాల్లో రాసిపెట్టాలి. ఫోన్‌లో తేలిపోయి ఎక్కడా రాయని నిర్ణయం మీద ఆరు నెలలకు మళ్లీ అదే గొడవ వస్తుంది.

మొత్తం వద్దనాల్సి వచ్చినప్పుడు

అన్నిటికంటే కష్టమైన కామెంట్ ఇదే. వరుసలు కాదు, దారే తప్పు. చెరువు గట్టున నెట్ సరిగ్గా అందదని తెలిసీ, ప్రతి బటన్‌కూ సర్వర్‌ను అడిగే యాప్ రాసుకొచ్చారనుకోండి. ఇట్లాంటప్పుడు రివ్యూయర్లు రెండు పొరపాట్లు చేస్తారు. వద్దనలేక వేరియబుల్ పేర్ల మీద ఇరవై కామెంట్లు పెడతారు. కుర్రాడు రెండ్రోజులు కూర్చుని అన్నీ సర్దుతాడు, అప్పుడు వద్దంటారు. లేదంటే అసలు జవాబే ఇవ్వరు, పుల్ రిక్వెస్ట్ నెలల తరబడి పడుంటుంది. చూసిన మొదటి పది నిమిషాల్లోనే డిజైన్ తప్పని తెలిస్తే అక్కడే ఆగండి, వరుసల మీద ఒక్క కామెంట్ కూడా పెట్టకండి. ఒకే కామెంట్ చాలు:

"దీన్ని ఈ రూపంలో తీసుకోలేం. కారణం ఒకటే: ఫోన్‌లో ఏరోప్లేన్ మోడ్ పెట్టి చూశాను, కౌంటు నమోదు చేసే స్క్రీన్ కూడా తెరుచుకోలేదు. గట్టు మీద వాడే యాప్‌కు ఇది కుదరదు. డేటా ముందు ఫోన్‌లో దాచుకుని, నెట్ దొరికినప్పుడు సర్వర్‌కు పంపేలా మార్చాలి, అంటే సేవ్ చేసే భాగం మొత్తం తిరగరాయాలి. మొదలుపెట్టే ముందు అరపేజీలో ప్లాన్ రాసి పంపండి, అదే రోజు చూసి చెబుతాను. మేత లెక్క ఫైలు, దాని టెస్టులు బాగున్నాయి. వాటిని విడిగా ఇంకో పుల్ రిక్వెస్ట్‌గా పెట్టండి, ఈ వారమే మెర్జ్ చేద్దాం. ఈ పుల్ రిక్వెస్ట్ మూసేస్తున్నాను."